దగ్గుమందుకు జోడీ

మొన్న శనివారం సరుకులకు వెళితే ఆ అరలు మళ్ళీ కనిపించాయి. ఏటా చలికాలం వెనకబడే వేళకి, పార్కింగ్ లాట్ మూలల్లో మంచు ఇంకా నల్లగా పేరుకుని ఉండగానే, డెట్రాయిట్ చుట్టుపక్కల దుకాణాల్లో యూదుల పాసోవర్ పండగ సరుకులు దించుతారు. పులవని రొట్టెల అట్టపెట్టెలు, సీసాల్లో చేప ఉండలు, కింది అరలో చదరంగా ఉండే నలుపలకల సీసాల్లో తియ్యటి ద్రాక్ష వైన్. ఆ సీసా చూడగానే నా నోట్లోంచి ‘దగ్గుమందు’ అన్న మాట పైకే వచ్చేసింది. పక్కన బండి తోసుకుంటున్న ఆవిడ నాకేసి ఒకసారి చూసి ముందుకు వెళ్ళిపోయింది. ఆ మాట నాది కాదు. ఈ జనవరిలో పోయిన ఒక పెద్దమనిషిది.

ఇక్కడి తెలుగువాళ్ళం అందరం ఆయన్ని అన్నయ్యగారనే పిలిచేవాళ్ళం. తెలుగు సంఘం సావనీర్‌లో పేరు వేస్తామంటేనే వద్దని చేతులూపే మనిషి కాబట్టి ఇక్కడా రాయను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం నాకున్నా, మా ఆయన అడగనివ్వలేదు. కార్ల రంగులు తయారుచేసే కంపెనీ లాబ్‌లో ఆయన ఉద్యోగం. కారు తలుపులు ఒక ఫ్యాక్టరీలో, ఇంజన్ మీది హుడ్ ఇంకో ఫ్యాక్టరీలో తయారై వస్తాయి. రెండూ ఎండలోనూ నీడలోనూ ఒక్క రంగులోనే కనబడాలి. ఆ రంగు కలిపి కుదర్చడం ఆయన పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండు రేకు ముక్కలు పక్కపక్కన పెట్టుకుని చూసి చూసి, ఆఫీసు బయట కూడా ఆయనకి అదే చూపు అలవాటైపోయింది.

ఆ చూపు ఎక్కువగా భోజనాల బల్ల మీద పడేది. మా ఇంట్లో పాట్‌లక్ అంటే ఆయన ముందుగా వచ్చి, ఎవరు ఏం తెచ్చారో మూతలు తీసి చూసి, గిన్నెలన్నీ మళ్ళీ సర్దేవారు. పప్పు పక్కన ఊరగాయ ఉండాలి. పులుసు దగ్గర వడియాలుండాలి. చక్రపొంగలిని పెరుగన్నం పక్కన పెట్టిన వాళ్ళకి ఆ పూట మన్నింపు లేదు. ‘దీనికి నంజుకోవడానికి ఏముందమ్మా?’ అన్నది ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట. సమాధానం రాకపోతే తనే వెళ్ళి ఫ్రిజ్ తెరిచేవారు, అది ఎవరి ఫ్రిజ్ అయినా సరే. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలు ఆయన్ని చూసి బెదిరిపోయేవాళ్ళు. నేను బెదరలేదు గానీ విసుక్కున్న రోజులున్నాయి.

నేనూ, మా ఆయనా, అన్నయ్యగారూ ముగ్గురం పాసోవర్ విందుకి వెళ్ళడం డెబ్బైల చివర్లో మొదలైంది. అన్నయ్యగారితో లాబ్‌లో పనిచేసే మార్విన్, ఆయన భార్య రూత్ పిలిచారు. రూత్ స్కూలు టీచరు. మేం గొడ్డుమాంసం తినమని తెలుసుకుని ఆవిడ కోడి వండింది. ఆ పండగ వాళ్ళ పూర్వీకులు ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడిన సంగతి తలుచుకోవడానికట. కథ చదువుతారు, పాటలు పాడతారు, మధ్యలో నాలుగుసార్లు వైన్ తాగుతారు. ఆ పూట ఎవరి కప్పు వాళ్ళు నింపుకోకూడదు, పక్కనున్నవాళ్ళు నింపాలి. ‘ఇవాళ మనం స్వతంత్రులం, మనకి మనం వడ్డించుకోం,’ అని మార్విన్ చెప్పాడు.

ఉత్తచేతులతో వెళ్ళడం ఎందుకని నేను దద్దోజనం కలిపి తీసుకెళ్ళాను. పండగ పూట గోధుమపిండి పనికిరాదని ఎవరో చెప్పారు, బియ్యమే కదా అనుకున్నాను. తీరా చూస్తే వాళ్ళ వైపు వాళ్ళకి ఆ వారం బియ్యమూ కూడదు, పప్పులూ కూడదు. మాంసం ఉన్న బల్ల మీద పాలూ పెరుగూ అసలు కూడదు. నేను తెచ్చిందాంట్లో అన్నం, పెరుగు, తాలింపులో మినప్పప్పు, శనగపప్పు. ఒక్క గిన్నెలో ఎన్ని తప్పులు పడతాయో అన్నీ పట్టించాను. రూత్ నవ్వి, గిన్నె తీసుకెళ్ళి జాగ్రత్తగా మా కార్లో పెట్టి వచ్చింది. అన్నయ్యగారు శాకాహారి. ఆయనకి ఆ బల్ల మీద బంగాళాదుంపలు తప్ప ఏమీ దొరకలేదు. తిరుగుప్రయాణంలో వెనక సీట్లో కూర్చుని దద్దోజనం మొత్తం చేత్తో తినేశారు.

ఆ మొదటి విందులో పోసింది ఈ నలుపలకల సీసాలోదే. అన్నయ్యగారు ఒక గుటక వేసి, కప్పు కింద పెట్టి, నా వైపు వంగి తెలుగులో అన్నారు.

“చెల్లెమ్మా, ఇది దగ్గుమందు. దీనికి దేంతోనూ జోడీ కుదరదు.”

మరుసటి ఏడు ఆయన ఓ ఖరీదైన ఫ్రెంచ్ సీసా పట్టుకొచ్చారు. రూత్ దాన్ని గరాజ్‌లోకి చేర్చింది. పండగకి వాడే వైన్ ద్రాక్ష తొక్కిన దగ్గర్నుంచి బిరడా వేసేదాకా నియమాలు పాటించే యూదుల చేతుల మీదుగానే రావాలని, తమ ఇద్దరికీ అంత పట్టింపు లేకపోయినా ఈ ఒక్క పూటకి పాటిస్తామని ఆవిడ బతిమాలుతున్నట్టు చెప్పింది. ఆవిడ బాధపడుతుంటే ఆయన పగలబడి నవ్వారు. అది మడి అని, తన చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ తడిబట్టతో వంట ముగించేదాకా ఆ ఛాయలకి కూడా పిల్లల్ని రానిచ్చేది కాదని ఇంగ్లీషులో వివరించడం మొదలుపెట్టారు. మడి అన్న మాట రూత్‌కి ఆ పూటే వచ్చేసింది.

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు. ఓక్ పార్క్‌లో యూదుల దుకాణం ఒకటి పట్టుకుని, ఆ నియమాల ప్రకారం చేసిన కోషర్ వైన్లలో తియ్యగా లేనివి ఏమేం వస్తున్నాయో ఏడాది పొడుగునా కనుక్కుంటూ ఉండేవారు. మొదట్లో ఒకటీ అరా దొరికేవి. ఎనభైలు వచ్చేసరికి కాలిఫోర్నియావీ ఇజ్రాయెల్‌వీ వచ్చాయి, ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాలుగు కప్పులకీ నాలుగు రకాలు. వైన్ తాగేది కాదనీ నంజుకునేదనీ ఆయన సిద్ధాంతం. ఆయన మొత్తం మీద తాగేది గరిటెడు ఉంటుందో లేదో.

చిక్కల్లా ఆయన చేప, కోడి ముట్టకపోవడం. ముట్టని కూరకి జోడీ ఎలా కుదురుస్తారు? ఆ పని నాకు పడింది. నేను తింటుంటే పక్కనుంచి ప్రశ్నలు. చేప ఉండ తియ్యగా ఉందా, చప్పగా ఉందా? కోడి ఇగురులా ఉందా, పులుసులా ఉందా? కొవ్వు నాలిక మీద నిలుస్తోందా, జారిపోతోందా? ఇగురులాగే ఉంది గానీ ఉప్పు తగ్గింది అంటే కాసేపు కళ్ళు మూసుకుని, ‘అయితే ఎరుపే, పల్చటిది,’ అని లేచేవారు. చేప ఉండ గురించి నేను చెప్పింది రాయను, రూత్ ఇప్పటికీ నాకు స్నేహితురాలు. అయితే ఆయన తెచ్చిన తెల్ల వైన్‌తో ఆ ఉండ కూడా గొంతు దిగింది.

ఆయన పోసే తీరు చూసి తీరాలి. సూటు వేసుకుని, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేవారు. పెళ్ళి బంతిలో నెయ్యి వడ్డించేవాడిలా వరసలో ఒక్కరిని కూడా దాటకుండా, చుక్క కింద పడకుండా పోసుకుంటూ పోయేవారు. ఒక్కో కప్పు నింపాక సీసా మూతిని తువ్వాలుతో ఒకసారి ఒత్తేవారు. వద్దని కప్పు మీద చెయ్యి పెట్టినవాళ్ళకి కూడా ‘కొసరు, కొసరు’ అంటూ ఓ చుక్క వేసేవారు. పక్కవాళ్ళే పోయాలన్న ఆచారం ఉండనే ఉంది కాబట్టి, బల్ల మొత్తానికీ తనే పక్కవాడినని ఆయన తీర్మానించుకున్నారు. మార్విన్ వాళ్ళూ ఒప్పుకున్నారు. ఏడాదిలో ఆయన ముఖం అంతగా వెలిగిన రోజు ఇంకోటి నేను చూడలేదు. ఆ వడ్డన కోసమే ఆయన ఏడాదంతా ఎదురుచూసేవారని నా నమ్మకం.

అలా సాగుతుండగా రూత్ వాళ్ళ అమ్మ బ్రూక్లిన్‌లో పోయింది. ఒంటరివాడైన తండ్రిని రూత్ తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయన చిన్నప్పుడే పోలండ్ నుంచి వచ్చిన మనిషి, నియమాలన్నీ అక్షరాలా పాటించేవాడు. ఆయన కోసం రూత్ వంటిల్లంతా మార్చేసింది, పాత గిన్నెలన్నీ తీసేసింది.

ఆ ఏడు పండగ రోజు కార్లో వెళుతున్నాం. మా ఆయన నడుపుతున్నాడు, బయట సగం వానా సగం మంచూ పడుతోంది. వెనక సీట్లో అన్నయ్యగారి ఒళ్ళో ఎప్పటిలాగే నాలుగు సీసాలున్నాయి. భుజం మీద తువ్వాలు లేదు. మర్చిపోయారేమోనని అడిగాను. కావాలనే తేలేదన్నారు.

దుకాణంలో చెప్పారట. కోషర్ వైన్ అయినా సరే, సీసా తెరిచాక యూదులు కానివాళ్ళు ముట్టుకుని పోస్తే నిష్ఠగా ఉండేవాళ్ళకి అది ఇక పనికిరాదు. ఇన్నేళ్ళూ మార్విన్ వాళ్ళు పట్టించుకోలేదు, ఈయనకి చెప్పి నొప్పించనూ లేదు. ఇప్పుడు పెద్దాయన బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎలా చెప్పాలా అని రూత్ నాలుగు రోజులుగా నలిగిపోతుంటుందనీ, అందుకే పొద్దున తనే ఫోన్ చేసి ఈసారి మార్విన్ పోస్తాడని చెప్పేశాననీ అన్నారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో తేడా ఏమీ లేదు. సీసాల మీద చేతులు మాత్రం కదుపుతూనే ఉన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గుంటూరులో చదువుకునేటప్పుడు నా స్నేహితురాలి ఇంట్లో మంచినీళ్ళు తాగితే గ్లాసు నేనే కడిగి బయట అరుగు మీద బోర్లించి రావాలి. ఆ పిల్ల నా ప్రాణం, వాళ్ళమ్మ నాకు జడ కూడా వేసేది, అయినా గ్లాసు అరుగు మీదే. ఆ గ్లాసు నేను మర్చిపోలేదు. ఇంత దూరం వచ్చాక కూడా ఇదేనా?

“ఇన్నేళ్ళు మీ చేతి మీదుగా తాగి, ఇప్పుడు మీరు ముట్టుకుంటే మైలా అన్నయ్యగారూ? కారు తిప్పమనండి, ఇంటికి పోదాం,” అన్నాను.

మా ఆయన తిప్పలేదు. అన్నయ్యగారు అన్నారు.

“మా నాయనమ్మ ఎంతమందిని గుమ్మం అవతల నిలబెట్టి దోసిట్లో నీళ్ళు పోసిందో నేను చూశాను చెల్లెమ్మా. పక్కనే నిలబడి చూశాను. నేనొక పూట చేతులు కట్టుకు కూర్చుంటే అరిగిపోను.”

ఆవిడ చేసినదానికి ఈయన చేతులు కట్టుకోవడం ఏం న్యాయమని నేను వాదించాను. ఆయన ఒళ్ళో సీసాలు సర్దుకున్నారు. నాకు ఆ నియమం ఇప్పటికీ మింగుడుపడదు, ఆ మాట రూత్‌తో కూడా అన్నాను.

బల్ల దగ్గర అన్నయ్యగారి చోటు ఎప్పుడూ సీసాలకి దగ్గరగా ఉండే మూల. ఈసారి ఆ పక్క కుర్చీలో పెద్దాయన ఉన్నాడు. సన్నగా, తెల్లగడ్డంతో, కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. మార్విన్ ముఖం ఎర్రగా ఉంది, మేం రాకముందే మామగారితో ఏదో మాటా మాటా అయినట్టుంది. సీసా తెరిచి పోయడం మొదలుపెట్టాడు. మంచివాడే గానీ పోయడం రాదు. మొదటి కప్పుకే తెల్లబట్ట మీద మరక పడింది. అన్నయ్యగారు ఉలిక్కిపడి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఏ కప్పుకి ఏ సీసా అన్నది గడ్డంతో చూపిస్తున్నారు. నేను చేప తింటున్నా ప్రశ్నలు లేవు.

మార్విన్ మా అందరికీ పోస్తున్నాడు గానీ, అన్నయ్యగారి కప్పు దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన సీసా అందుకునేవాడు. పక్కవాడి కప్పు తనే నింపాలి, అది ఆచారం. రెండు చేతులా పట్టుకుని నింపాడు. మొదటి కప్పు అలాగే, రెండోది అలాగే, మూడోది అలాగే. ప్రతిసారీ అన్నయ్యగారు తలవంచి థాంక్యూ అనడం, తిరిగి ఆయనకి పోయడానికి లేక చేతులు ఒళ్ళోనే ఉంచుకోవడం. ఎదురుగా కూర్చుని చూస్తున్న నాకు కోపం పోయి దిగులు పట్టుకుంది.

మధ్యలో చేదువేరు వచ్చింది. బానిసత్వం ఎంత చేదో గుర్తుండాలని హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు తురిమి తింటారు. మేం గోటితో తీసుకున్నట్టు తీసుకున్నాం. పెద్దాయన చెంచా నిండా తీసుకుని నమిలాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. అన్నయ్యగారు ఆయన్నే చూస్తూ, తనూ చెంచా నిండా తీసుకున్నారు. ఇద్దరూ ముక్కులెగబీల్చుకుంటూ ఒకరినొకరు చూసుకున్నారు.

నాలుగో కప్పు వేళకి మార్విన్ ఆఖరి సీసా తెరవబోతుంటే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. రూత్‌తో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. రూత్ లోపలికి వెళ్ళి నలుపలకల సీసా పట్టుకొచ్చింది. ఆవిడ ఏడుస్తోంది. పెద్దాయన ఆ సీసాని అన్నయ్యగారి ముందు పెట్టి, నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. ఇది కాచిన వైన్. కాచినదానికి ఆ పట్టింపు లేదు, ఎవరు పోసినా ఫరవాలేదు. చెప్పి, తన ఖాళీ కప్పుని ఆయన వైపు జరిపాడు.

“మూడుసార్లు నేను పోశాను. ఇది నువ్వు పొయ్యి,” అన్నాడు.

అన్నయ్యగారు ఒళ్ళో ఉన్న రుమాలు తీసి భుజాన వేసుకుని లేచారు. ఎడమచేత్తో కుడిమోచేయి పట్టుకుని, ఆ దగ్గుమందుని చుక్క పడకుండా పెద్దాయన కప్పులో పోశారు. రుమాలుతో సీసా మూతి ఒత్తారు. ఇక ఆగలేదు, బల్ల చుట్టూ తిరిగి అందరికీ పోశారు. మార్విన్ చాలన్నా వినకుండా కొసరు వేశారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను, దాచుకోలేదు. పెద్దాయన కప్పు ఖాళీ చేసి మళ్ళీ చాపాడు.

తిరిగి వస్తూ కార్లో, మా వీధి మలుపు దగ్గర ఆయన అన్నారు.

“జోడీ కుదరదన్నాను కదా, తప్పు చెల్లెమ్మా. ఆయన్ని చూశావా, చేదువేరు నమిలాక దీన్నే అడిగి గుటకేశాడు. నేనూ వేశాను. ఆవకాయ అన్నంలో బెల్లంముక్క నంజుకున్నట్టుంది. ఇన్నేళ్ళూ దీని ముందు ఏం తినాలో మనకి తెలియలేదు, అంతే.”

మరుసటి ఏడు నుంచీ తువ్వాలు మళ్ళీ వచ్చింది. నాలుగు మంచి సీసాలూ మార్విన్ తెరిచేవాడు, మార్విన్ పోసేవాడు. చేదువేరు రాగానే అన్నయ్యగారు లేచి దగ్గుమందు అందరికీ వడ్డించేవారు, మొదట పెద్దాయనకి. వాళ్ళిద్దరూ అంతకు మించి పెద్దగా మాట్లాడుకున్నది నేను చూడలేదు. చేదువేరు ఎవరెక్కువ తింటారన్న పోటీ మాత్రం ఏటా ఉండేది.

పెద్దాయన పోయాక వచ్చిన పండగకి, రూత్ ఆ నాలుగు మంచి సీసాలూ అన్నయ్యగారి ముందే పెట్టింది. ఇక ఇంట్లో పట్టింపులున్నవాళ్ళెవరూ లేరు, మీరే తెరవండి, మీ వడ్డన మీరు చేసుకోండి అంది. ఆయన తల అడ్డంగా ఊపి సీసాలు మార్విన్ వైపు జరిపేశారు. కాచిన సీసా ఒక్కటే తను తీసుకున్నారు. ఇప్పుడెవరి కోసమని తెలుగులో అడిగాను. ‘పక్క కుర్చీ అలవాటు,’ అన్నారు. ఈ జనవరిలో గుండెపోటు వచ్చేదాకా ఆ వడ్డన ఆయనదే.

పోయిన వారం రూత్ ఫోన్ చేసింది. పండగకి రమ్మని చెప్పి, ఈసారి వైన్లు నువ్వు తేగలవా అని అడిగింది. నాకేం తెలుసని నవ్వాను. ఫోన్ పెట్టేశాక బీరువా తెరిచి ఒక తెల్ల తువ్వాలు ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

అందుకే మొన్న ఆ అరల ముందు అంతసేపు నిలబడ్డాను. దుకాణంలో పనిచేసే కుర్రాడు నా బొట్టూ చీరా చూసి, దారి తప్పాననుకున్నాడేమో, సాయం కావాలా అని వచ్చాడు. పండగ భోజనానికి వైన్ అంటే కాలిఫోర్నియాది ఒకటి తీసి చూపించి చాలా మంచిదన్నాడు. మంచిదే, ఆయన తెచ్చిన రకమే. అది బండిలో పెట్టుకుని, కాచినదేనా అని అడిగాను. కాదన్నాడు, అయినా మీకా పట్టింపు ఎందుకన్నట్టు చూశాడు.

నేను వంగి కింది అరలోంచి నలుపలకల సీసా తీసుకున్నాను.

“ఇది కాచినదే కదా? పోసేది నేను,” అన్నాను.